మామ గోలీలు

నల్లగొండ,
8 జనవరి 2018

మామా,

నీ మేనకోడలు స్వర్ణ నీకూ అత్తమ్మకూ దండం పెట్టి మొదలుపెడుతోంది.

నీ ఉత్తరం అందింది కానీ చదవడానికి నాకు ఒక పూట పట్టింది. అక్షరాలు వణికి వణికి గీత దాటి ఎటో పోయాయి. 'జీవాలు' అన్న మాట చూసి ముందు 'జొన్నలు' అనుకున్నాను. చలికి చేతులు కొంకర్లు పోయి అట్లా రాశావా, లేక నిజంగానే చేతులు వణుకుతున్నాయా? రెండోది అయితే హుజూర్‌నగర్‌లో డాక్టరుకు చూపించు. రేపు మాపు అనకు. మంద కాయడానికి, మీతో పాటు వలస వచ్చిన దశరథం బాబాయి ఉన్నాడు కదా.

నేను పానగల్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కాలేజీ ఇక్కడి నుంచి ఆటోలో దగ్గరే. నువ్వు అడిగావు కదా, నేను చెప్పే చదువు ఏమిటని. ఫార్మసీ చదివే పిల్లలకు ఒంట్లో ఏ భాగం ఎట్లా పనిచేస్తుందో, ఏ మందు వేసుకుంటే ఏ భాగంలో ఏం జరుగుతుందో చెప్పాలి. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, నరాలు, అన్నీ. రేపు వీళ్లే మందుల షాపుల్లో, దవాఖానల్లో నిలబడి జనానికి గోలీలు ఇస్తారు.

పిల్లలు మంచివాళ్లే కానీ నోరు విప్పరు. బోర్డు మీద నేను ఏం రాస్తే అది రాసుకుంటారు, నేను తుమ్మినా రాసుకునేటట్లు ఉన్నారు. నిన్న ఊపిరితిత్తుల పాఠం మొదలుపెట్టి, ముట్టుకుంటే ఎట్లా ఉంటాయో ఎవరికైనా తెలుసా అని అడిగాను. ముప్పై మంది తలలు వంచుకున్నారు. వాళ్లలో సగం మంది ఇళ్లల్లో పండుగకూ పబ్బానికీ మేకను కోస్తారని నాకు తెలుసు. అయినా చెప్పరు, మేడం నవ్వుతుందని భయం.

అందుకే నీ సాయం కావాలి. గొర్రె ఊపిరితిత్తులు చిరగకుండా, గొంతు గొట్టంతో సహా కావాలంటే కటిక దుకాణంలో ఏమని అడగాలి? నవ్వకుండా రాయి.

అత్తమ్మకు ఉబ్బసం దమ్ము ఎట్లా ఉంది? వరికొయ్యల దుమ్ములోకి పోవద్దని చెప్పు. పీల్చే మందు దగ్గర పెట్టుకోమను.

నీ కోడలు,
స్వర్ణ


కమలాకర్ పటేల్ పొలం, హుజూర్‌నగర్ అవతల,
17 జనవరి 2018

బిడ్డ స్వర్ణకు మీ మామ పరశురాములు గొంగడి మీద కూసోని రాస్తున్నది.

ఉత్తరంల నువ్వు అచ్చం మేడం లెక్క రాస్తవు. ఇంటికొస్తే మాత్రం మా లెక్కనే మాట్లాడుతవు. గిదేం చిత్రమో. మీ అత్త సదివిపిచ్చుకోని, ఇది మన పిల్లనేనా అని అడిగింది. ఫోన్ చెయ్యొచ్చు గదా అంటవేమో. ఫోన్ల మాట నాకు సగమే ఇనపడ్తది, నువ్వు అరిస్తే దశరథం పక్కన కూసోని ఇనుకుంట పండ్లికిలిస్తడు. నా చెవులు పనిచేసినా చెయ్యకున్నా కండ్లు మంచిగున్నయి, నువ్వు రాయి.

ఊపిరితిత్తుల ముచ్చట చెప్త. కటికాయన గుండెకాయను, ఊపిరితిత్తులను ఒక్క గుంజుడు గుంజి బయట పడేస్తడు, గప్పుడే చిరుగుతయి. తెల్లారకముందే పోయి, గొంతు గొట్టం పైకి కోసి నిమ్మలంగ తియ్యమని చెప్పు. కడిగినంక గొట్టంల బొప్పాయి కాడ పెట్టి ఊదు. తెల్లగ ఉబ్బుతయి. సూడ సక్కగుంటది. చిన్నప్పుడు నువ్వు ఊదుతనని కొట్లాడినవు, యాదికున్నదా? మీ అమ్మ, అదే మా అక్క, నిన్ను కట్టె పట్టుకోని తరిమింది.

ఈడ కొత్త ముచ్చట. పక్క పొలంల కాపరి పర్వతాలు లేడా, ఆయన మందల ఒక గొర్రెకు ముక్కు కారుడు మొదలైంది. ఆయన దగ్గే వాటికి మాత్రమే మందు తాపి ఊకున్నడు. ఇప్పుడు ఆయన జీవాలు సగం పండుకున్నయి. నేను గట్ల జెయ్యలే. మన దాంట్ల ఒక్కటి దగ్గంగనే అన్నిటికి పట్టి తాపిన, దగ్గేదానికి దగ్గనిదానికి. ఒక్కటి పోలే. మా నాయిన నేర్పిన పని గిది, ఒక్కదానికొస్తే లోపల అన్నిటికి ఉంటది.

నువ్వు చెప్పినవని డాక్టరు దగ్గరికి పోయిన. బీపీ ఉన్నదన్నడు. గుండె దడ, చేతుల వణుకు కూడ ఉన్నయి గదా, మూడిటికి కలిపి ఒక గోలీ రాసిండు. డబ్బ మీద పేరు ఒక్కొక్క అక్షరం సూసి దింపుతున్న, ప్రొప్రనలాల్. నోరు తిరగదు. గిది లోపలికి పోయి ఏం జేస్తది? నీ పిల్లలకు చెప్పినట్లు నాకు చెప్పు. వేసుకునేది ఏందో తెలిస్తే ధైర్యముంటది.

మీ అత్త మంచిగనే ఉంది. నీకు పప్పుండలు పంపుతనంటాంది.

మీ మామ,
పరశురాములు


నల్లగొండ,
25 జనవరి 2018

మామా,

నువ్వు గెలిచావు, నేనూ గెలిచాను.

బొప్పాయి కాడ దొరకలేదు, ల్యాబులో ఉన్న గాజు గొట్టం పెట్టి ఊదాను. ఊపిరితిత్తులు ఉబ్బి బల్ల మీద పరుచుకునేసరికి వెనుక బెంచీల వాళ్లు లేచి ముందుకు వచ్చేశారు. నిహారిక అని ఒక పిల్ల ఉంది, షాద్‌నగర్ పక్కన ఊరు, వాళ్లదీ గొర్రెల ఇల్లే. ఇన్నాళ్లూ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్లు కూర్చునేది. ఆ రోజు గొట్టం నా చేతిలోంచి లాక్కుని తనే ఊదింది. వాసన వస్తోందని ప్రిన్సిపల్ శ్యామలమ్మ గారు తలుపు దగ్గర ముక్కు మూసుకుని నిలబడ్డారు కానీ వెళ్లిపోలేదు. చివరికి ఆవిడ కూడా ఒక వేలితో నొక్కి చూశారు.

ఇక నీ గోలీ. నీ గుండెలో చిన్న చిన్న తాళాలు ఉంటాయనుకో. భయం వేసినా, పరిగెత్తినా, కోపం వచ్చినా రక్తంలో ఒక తాళంచెవి తిరుగుతూ వచ్చి ఆ తాళాలు తీస్తుంది. అప్పుడు గుండె గబగబా కొట్టుకుంటుంది. నీ గోలీ పోయి ఆ తాళం రంధ్రంలో పుల్ల దూర్చినట్లు కూర్చుంటుంది. తాళంచెవి వచ్చినా లోపలికి దూరదు. గుండె నిమ్మలంగా నడుస్తుంది, చేతుల వణుకు తగ్గుతుంది, బీపీ కూడా దిగుతుంది. అంతే. భయపడాల్సింది ఏమీ లేదు.

ఒక్కటి గుర్తు పెట్టుకో. బీపీ ఉందని బయటికి తెలియదు. మనిషి బాగానే తింటాడు, బాగానే తిరుగుతాడు, పక్కన పడుకున్న వాళ్లకు కూడా తెలియదు. లోలోపల మాత్రం గుండెనూ మెదడునూ తింటూ ఉంటుంది. అందుకే ఒంట్లో బాగుందని మానేయకూడదు. రోజూ వేసుకోవాలి.

పప్పుండలు అందాయి. స్టాఫ్ రూములో పెడితే నాకు రెండే మిగిలాయి.

నీ కోడలు,
స్వర్ణ


కమలాకర్ పటేల్ పొలం,
6 ఫిబ్రవరి 2018

బిడ్డా స్వర్ణా,

మామ ఈసారి కాలువ గట్టు మీద కూసోని రాస్తున్నడు. అక్షరాలు సూసినవా? వంకర పోతలేవు. దశరథం నా చేతిల చాయ గ్లాసు పెట్టి, చుక్క కింద పడుతదా లేదా అని పందెం గట్టిండు. పడలే. గోలీ మంచి గోలీ. నువ్వు తాళం, పుల్ల అని రాసింది నేను ఈడ అందరికి చెప్పిన. మంద ఆపిన పొలం ఆసామి కమలాకర్ పటేల్ కూడ ఇని, మీ కోడలు గింత మంచిగ చెప్తే మేం గూడ సదువుకుంటుంటిమి గదా అన్నడు.

నువ్వు చెప్పిన ఇంకో మాట కూడ నా మనసుల పడ్డది. బయటికి కనబడదన్నవు సూడు, పక్కన పండుకున్నోళ్లకు కూడ తెల్వదన్నవు. గది యాది జేసుకోని నాకు నిద్ర పట్టలే. ఇప్పుడు నిమ్మలంగ ఉన్న. చెయ్యాల్సింది చేసిన.

దశరథానికి ఏమైందో, కూసున్నకాడనే తూగుతున్నడు. మొన్న మంద పటేల్ నారుమడిల దూరింది, దశరథం తుమ్మచెట్టు కింద నోరు తెరిచి పండుకున్నడు. పటేల్ తిట్టి తిట్టి ఆఖరుకు దశరథం మొఖం సూసి నవ్విండు. ముసలోడయిండని నేను ఎక్కిరిస్తున్న.

మీ అత్తకు మాత్రం దమ్ము జర ఎక్కువైంది. మాపటికి పిల్లికూతలు ఇనపడ్తున్నయంట, దశరథం చెప్పిండు, నాకు ఇనపడదు గదా. లేస్తే కండ్లు కూడ తిరుగుతున్నయంటది. వరిపొట్టు దుమ్ము ఇది. ఈ పొలం కాగానే అవతలికి మంద తోలుకపోతం.

డాక్టరు ఇచ్చిన గోలీలు జల్దీ అయిపోయినయి. దుకాణంల చీటీ చూపెడితే మళ్ల ఇచ్చిండు. నువ్వు ఫికర్ జెయ్యకు.

మీ మామ


నల్లగొండ,
12 ఫిబ్రవరి 2018

మామా,

నీ ఉత్తరం చూసి ముందు సంతోషపడ్డాను. అంత చక్కని 'జ' నువ్వు రాయడం నేను ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు నా పలక మీద నాతో పాటు దిద్దావు కదా, అప్పుడు కూడా నీ 'జ' కాలు విరిగిన మేకపిల్లలాగే ఉండేది.

తర్వాత మళ్లీ చదివి కోపం వచ్చింది. నెలకు ఇచ్చిన గోలీలు అప్పుడే ఎట్లా అయిపోయాయి? మామా, నిజం చెప్పు. తొందరగా తగ్గాలని రెండేసి మూడేసి వేసుకుంటున్నావా? నీ సంగతి నాకు తెలియదా? ఒకసారి జ్వరం వస్తే అమ్మ ఇచ్చిన మూడు రోజుల గోలీలు ఒకేసారి మింగి, పని అయిపోయిందని పొలానికి పోయినవాడివి. ఈ గోలీతో అట్లా ఆడుకోకూడదు. ఎక్కువైతే గుండె మరీ నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోతావు. నేను రోజూ పిల్లలకు చెప్పేది ఇదే, మా ఇంట్లో మాత్రం వినేవాళ్లు లేరు.

చీటీ చూపగానే రెండోసారి ఇచ్చిన ఆ దుకాణం అతన్ని కూడా కడిగేయాలనిపిస్తోంది. ఎందుకు అయిపోయాయి అని ఒక్క మాట అడగలేదు చూడు.

అత్తమ్మ పొయ్యి పొగకు దూరంగా ఉండాలి. పీల్చే మందు ఊరికే నోట్లో కొట్టుకుంటే పనిచేయదు. ఊపిరి వదిలి, మందు కొట్టి, లోపలికి గట్టిగా పీల్చి, కాసేపు బిగబట్టాలి. నేను పోయినసారి చూపించాను, మరిచిపోయి ఉంటుంది. కళ్లు తిరగడం రక్తం తక్కువై కావచ్చు, ఆకుకూర తినమను.

కోపంగా రాశానని అనుకోకు. నన్ను చదివించిన నువ్వు లేకపోతే నాకు ఈ ఉద్యోగమే కాదు, ఈ ఉత్తరం రాసే చెయ్యి కూడా ఉండేది కాదు.

స్వర్ణ


20 ఫిబ్రవరి 2018

స్వర్ణకు,

రెండు, మూడు వేసుకుంటలేను. పొద్దుగాల ఒక్కటే వేసుకుంటున్న. నీ మీద ఒట్టు. మామ అబద్ధమాడ్తడని నువ్వు రాసిన మాట మీ అత్తకు సదివి చెప్పలే. నువ్వు మేడంవే కావచ్చు, కాపీ కొట్టే పిల్లల మీద అనుమానపడ్డట్టు నా మీద పడకు.

మీ అత్త నువ్వు చెప్పినట్లే పీల్చింది. ఆ మందు పనిచేస్తలేదు. పాతదైందని కొత్తది తెచ్చిన, గది కూడ గంతే. ఇప్పటి మందులన్ని నకిలీవి.

మేం ముగ్గురం మంచిగనే ఉన్నం.

పరశురాములు


నల్లగొండ,
3 మార్చి 2018

మామా,

దవాఖాన వరండాలో నాకు వీపు తిప్పి కూర్చున్నావు. నేను బస్సెక్కేటప్పుడు కూడా తల ఎత్తలేదు. ఎదురుగా మాట్లాడితే నువ్వు వినవు, చెవుల వల్ల కాదు. అందుకే గదికి వచ్చీ రాగానే రాస్తున్నాను.

అసలు ఆ రోజు ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. నీ కోపపు ఉత్తరం సంచిలో పెట్టుకుని క్లాసుకు పోయాను. పీల్చే మందు పాఠం. ఊపిరి గొట్టాల మీద కూడా గుండెలో ఉన్నట్లే తాళాలు ఉంటాయి, పీల్చే మందు అక్కడ తాళంచెవిలా పనిచేసి గొట్టాలు తెరుస్తుంది అని చెబుతున్నాను. నిహారిక చెయ్యెత్తింది. మేడం, మరి ఆ గుండె గోలీ ఈ తాళంలో కూడా పుల్ల దూరుస్తుందా అని అడిగింది. దూరుస్తుంది అన్నాను. అప్పుడు గొట్టాలు బిగుసుకుంటాయి, తాళంచెవి దూరదు కాబట్టి పీల్చే మందు ఎంత పీల్చినా పనిచేయదు, అందుకే ఉబ్బసం ఉన్న మనిషికి ఆ గోలీ ఇవ్వనే కూడదు అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నీ ఉత్తరాల్లోని మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పీల్చే మందు పనిచేస్తలేదు. గోలీలు జల్దీ అయిపోయినయి. దశరథం తూగుతున్నడు. మేం ముగ్గురం. అన్నీ నువ్వు రాసినవే. ఒక్క గొర్రె దగ్గితే అన్నిటికీ తాపినోడివి, నీ ఒక్కడికి బీపీ వస్తే ఊరుకుంటావా?

చాక్‌పీసు అక్కడే పడేసి కమలాకర్ పటేల్‌కు ఫోన్ చేశాను. ఆయన గుడిసెకు పరిగెత్తి అత్తమ్మ చెవి దగ్గర ఫోన్ పెట్టాడు. ఊపిరి మధ్య ఆమె ఒక్కటే మాట అన్నది. "పొద్దుగాల ముగ్గురం తలా ఒకటి వేసుకుంటున్నం బిడ్డా." ఇక వద్దు, వెంటనే దవాఖానకు పదండి అని నేను అరిచిన అరుపుకు క్లాసు మొత్తం లేచి నిలబడింది.

ఆ పైన నీకు తెలుసు. ఇంకొక్క రాత్రి ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పాడు, నీకు చెప్పవద్దన్నాను. కానీ నువ్వు అద్దంలోంచి ఆయన ముఖం చూశావు, నాకు తెలుసు.

ఇప్పుడు నేను చెప్పేది విను. అత్తమ్మకు మాట వచ్చాక నేను అడిగాను, దమ్ము ఎక్కువ అవుతుంటే ఆ గోలీ ఎందుకు మానలేదు అని. ముఖానికి పెట్టిన మాస్కు పక్కకు జరిపి చెప్పింది. "నాకు బీపీ గీపీ లేదని తెలుసు. ఆయన ఒక్కడే గోలీ మింగుతుంటే మొఖం చిన్నగ అయితాంది. తోడుగ ఉంటదని వేసుకున్న."

నువ్వు ఆమెను కాపాడదామని ఇచ్చావు. ఆమె నిన్ను ఓదార్చడానికి మింగింది. ఇద్దరికిద్దరూ సరిపోయారు. మధ్యలో దశరథం బాబాయి పాపం ఎందుకు మింగాడో ఆయనకే తెలియదు, మీరిద్దరూ వేసుకుంటున్నారు కదా అని వేసుకున్నానన్నాడు. కుక్కకు కూడా ఇచ్చావా, చెప్పు.

నిన్ను అనుమానించినందుకు నా మీద నాకు కోపంగా ఉంది. పక్కన పడుకున్న వాళ్లకు కూడా తెలియదు అని రాసింది నేనే. ఆ గోలీ ఎవరికి మంచిదో రాసి, ఎవరికి చెడ్డదో రాయలేదు. క్లాసులో ఏ రోజూ అట్లా సగం పాఠం చెప్పను.

అత్తమ్మ బాగుంది. ఆమె దగ్గర కూర్చో. వరండాలో కాదు.

నీ కోడలు,
స్వర్ణ


కమలాకర్ పటేల్ పొలం,
12 మార్చి 2018

బిడ్డా,

కుక్కకు ఇయ్యలే.

మీ అత్తను ఇంటికి, అదే గుడిసెకు, తోలుకొచ్చినం. బువ్వ తింటాంది. నిన్న గొర్రెపిల్లను ఒడిల ఏసుకోని పాలు తాపింది. ఊపిరి మంచిగుంది. దశరథం తూగుడు బందైంది, ఇప్పుడు నన్ను నిద్ర పోనిస్తలేడు, రాత్రంత ముచ్చట్లు.

నీతోని మాట్లాడకపోయింది కోపానికి కాదు. ఏ మొఖం పెట్టుకోని మాట్లాడాలె? నాయిన నేర్పిన పని అని ఉత్తరంల గొప్పగ రాసిన. ఆమెకు లోపల బీపీ ఉంటే, నాకు తెల్వకుండనే ఒకనాడు పొద్దుగాల లేవకపోతే, నేనేం జెయ్యాలె అని భయపడ్డ. ఆమె లేకుంట ఈ గుడిసెల ఒక్క పూట ఉండలేను బిడ్డా, గది నిజం. ఆ భయంతోనే నా చేతులతోని ఆమె నోట్లె ఏసిన. రోజూ పొద్దుగాల నేనే నీళ్ల చెంబు ఇచ్చిన. ఇప్పుడు ఆమెకు చెంబు అందియ్యాలంటే నా చెయ్యి పోతలేదు.

ఆమె ఏమంటలేదు. ఏమన్న అంటే బాగుండు.

ఇగ గోలీల ముచ్చట నాకు రాయకు. నేను మంచిగనే ఉన్న. జీవాలు మంచిగున్నయి. నీ పిల్లలకు పాఠం మంచిగ చెప్పు.

మామ


నల్లగొండ,
15 మార్చి 2018

మామా,

నీ కవరు చించి ఒక్క గీత చూడగానే నాకు తెలిసింది. చదవకముందే తెలిసింది. 'కుక్కకు' అన్న మాటలో ఒక్క అక్షరం నిలబడలేదు. 'జీవాలు' మళ్లీ 'జొన్నలు' అయ్యాయి. గోలీలు మానేశావు. కాలువలో పారేశావా, ఎక్కడ పారేశావు?

ఈ కవరు నీ చేతికి అందేలోపే కమలాకర్ పటేల్ నిన్ను మోటారు సైకిలు మీద డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉంటాడు. నేనే చెప్పాను. మళ్లీ పటేల్ మీద ఎగరకు. ఇది ఆషామాషీ విషయం కాదు. ఆ గోలీ ఉన్నన్నాళ్లూ నీ గుండె తాళాలు మూసి పెట్టింది కదా, గుండె ఊరుకోదు, కొత్త తాళాలు చేసుకుంటుంది. ఒక్కసారిగా గోలీ మానేస్తే పాతవీ కొత్తవీ అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. గుండె మునుపటికంటే ఎక్కువ కొట్టుకుంటుంది. బీపీ మునుపటికంటే పైకి పోతుంది. కొందరికి గుండెపోటు వస్తుంది. మానాలంటే డాక్టరు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానాలి.

అత్తమ్మ నోట్లో వేసినందుకు నీకు నువ్వు శిక్ష వేసుకుంటున్నావని నాకు తెలుసు. ఆ శిక్ష నీకు పడదు మామా, అత్తమ్మకు పడుతుంది. ఆమె లేకుండా ఆ గుడిసెలో ఒక్క పూట ఉండలేనన్నావు, మరి నువ్వు లేకుండా ఆమె ఉండగలదా?

ఇంకో సంగతి చెబుతాను, దీనికోసమే అసలు కూర్చున్నాను. పిల్లలకు మీ కథ చెప్పాను. పేర్లు చెప్పలేదు. ఎవరైనా నవ్వుతారేమోనని నేనే భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు. నిహారిక లేచి, "మా ఇంట్ల కూడ గట్లనే మేడం. తాత షుగర్ గోలీ అవ్వ కూడ వేసుకుంటది" అన్నది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఒకరి నాన్న గ్యాస్ గోలీ ఇంటిల్లిపాదికీ. ఒకరి అన్న మోకాళ్ల గోలీ ఎదురింటి ఆమెకు. జనవరిలో నోరు విప్పని పిల్లలు బెల్లు కొట్టినా ఆగలేదు.

అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాం. మా పిల్లలు ఎవరు రేపు ఏ కౌంటరు దగ్గర నిలబడ్డా, గోలీ చేతిలో పెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. ఈ గోలీ ఇంట్లో ఇంకెవరైనా వేసుకుంటారా? మా పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్న లేదు. బోర్డు మీద నేనే రాశాను, పిల్లలు రాసుకున్నారు. శ్యామలమ్మ గారు మిగతా క్లాసుల్లో కూడా రాయించారు. ఆ దుకాణం అతను నిన్ను ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, నువ్వు దాచేవాడివి కాదు. ముగ్గురం వేసుకుంటున్నమని గొప్పగా చెప్పి ఉండేవాడివి.

కాబట్టి తల దించుకోకు. వేసుకో. నీది నువ్వు వేసుకో, ఆమెది ఆమె పీల్చుకుంటుంది.

నాకు రెండో మామ లేడు.

స్వర్ణ


దేవరకద్ర తోవల, మంద వెంట,
2 ఏప్రిల్ 2018

బిడ్డ స్వర్ణకు,

ఇంటి తోవ పట్టినం. పొలాలల్ల మేత అయిపోయింది, ఎండలు ముదిరినయి. మీ అమ్మ మా కోసం ఎదురుచూస్తాందని బయలెల్లకముందే పటేల్ ఫోన్‌కు కబురొచ్చింది. ఈ ఉత్తరం తోవల ఊరు దొరికితే పోస్టు డబ్బల ఏస్త.

పటేల్ వచ్చి నన్ను బండెక్కమంటే ముందు ఎక్కలే. మీ అత్త గుడిసెల నుంచి బయటికొచ్చి నా ముందట నిలబడ్డది. అందరి ముందట, దశరథం ముందట అన్నది. "నేను సచ్చిపోతనని భయపడి నాకు ఏసినవు. ఇప్పుడు నువ్వు సచ్చిపోతే నాకెవరు ఏస్తరు?" నేను ఎక్కి కూసున్న. డాక్టరు ఆ రోజు నన్ను బాగ తిట్టిండు, నువ్వు తిట్టినదానికంటె జర తక్కువ. మళ్ల చిన్న గోలీతోని మొదలుపెట్టిండు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. గోలీల డబ్బ నా దగ్గర ఉండదు. మీ అత్త కొంగున కట్టుకుంటది. పొద్దుగాల ముడి ఇప్పి ఒక్కటి నా చేతుల పెడ్తది, మింగినంక నోరు తెరిపిచ్చి సూస్తది. జీవాలకు తాపినట్లే దవడ పట్టుకుంటది. ఆమె పీల్చే మందు నా అంగి జేబుల ఉంటది. ఆమె పీల్చినప్పుడు నేను పక్కన కూసోని, ఊపిరి వదులు, పీల్చు, బిగబట్టు అని చెప్త. ఒకరిది ఒకరి దగ్గర ఉంటే ఎవరిది వాళ్లకే పోతది. నువ్వు సదువు చెప్పే పిల్లలకు ఇది కూడ చెప్పు.

నిన్న తోవల పర్వతాలు కలిసిండు. పొద్దుగాల ఆయన బీపీ గోలీ మింగుతుంటే, నీదే గదా అని అడిగిన. మా తమ్మునిది అన్నడు. కూసోబెట్టి తాళం, పుల్ల అంత చెప్పిన. ఇంక రెండు ఊర్ల దాక ఆయన నా వెంట నడుస్తడంట, మిగతాది కూడ చెప్పమని.

చెంబు నేనే అందిస్తున్న మళ్ల.

గోలీ వేసుకున్నవా అని ఇగ అడుగకు బిడ్డా. ఎన్ని సార్లు అడిగినా వేసుకున్ననే అంట, అబద్ధమైనా గంతే అంట. నీ దగ్గర అక్షరాలున్నయి. వంకర పోతే బస్సెక్కి రా. సక్కగ ఉంటే నీ పిల్లలకు పాఠం చెప్పుకో.

జీవాలు మంచిగున్నయి. 'జ' చూసినవా?

మీ మామ,
పరశురాములు